హంగేరీ రెండో డివిజన్ ఫుట్‌బాల్ తొలినాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హంగేరీ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్లకు ఫెరెన్స్ పుష్కాష్ గుర్తొస్తాడు. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3 తేడాతో ఓడించిన జట్టు గుర్తొస్తుంది. పుష్కాష్ ఆడుతూ పెరిగిన కిష్‌పెస్ట్ క్లబ్బు మాత్రం పుట్టిన కొన్నేళ్ల దాకా పై డివిజన్ మొహమే చూడలేదు. అలాంటి క్లబ్బులు ఎక్కడి నుంచి వచ్చాయి, పైకి ఎలా ఎగబాకాయి అని అడిగేవాళ్ల కోసం ఈ పేజీ. 1901 నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా నడిచిన కథే ఇందులో ఉంది.

హంగేరీలో రెండో డివిజన్ ఎప్పుడు మొదలైంది?

1901లో. మొదటి డివిజన్ కూడా అదే ఏడాది మొదలైంది. చాలా దేశాల్లో ముందు ఒక లీగ్ పుడుతుంది. క్లబ్బులు ఎక్కువై చోటు చాలనప్పుడు దాని కింద రెండోది పెడతారు. ఇంగ్లండ్‌లోనే లీగ్ 1888లో మొదలైతే రెండో డివిజన్ 1892లో వచ్చింది. హంగేరీలో అలా జరగలేదు. 1901 జనవరి 19న ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది, ఫిబ్రవరిలోనే లీగ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. మొదటి తరగతి, రెండో తరగతి అని అప్పుడే రెండుగా విడగొట్టేశారు. అప్పట్లో వాటిని 'తరగతి' అనే పిలిచేవారు. ఇప్పుడు వాడే 'నేషనల్ ఛాంపియన్‌షిప్ 2' అనే పేరు 1930లలో గానీ రాలేదు.

పక్కనే ఉన్న వియన్నాలో ఆస్ట్రియా లీగ్ 1911-12లో మొదలైంది. రెండూ ఒకే చక్రవర్తి కింద ఉన్న రాజధానులే అయినా లీగ్ విషయంలో బుడాపెస్ట్ పదేళ్లు ముందుంది.

మొదటి తరగతిలో ఎవరున్నారు?

అయిదే క్లబ్బులు: బిటిసి, ఎంయూఈ, ఎఫ్‌టిసి, టెక్నికల్ యూనివర్సిటీ జట్టు, బుడాపెస్ట్ స్పోర్ట్ క్లబ్. బిటిసి అంటే బుడాపెస్ట్ జిమ్నాస్టిక్ క్లబ్. ఎంయూఈ ఈతగాళ్ల సంఘం. ఎఫ్‌టిసి అంటే నేటి ఫెరెన్స్‌వారోష్. 1899లో నగరం తొమ్మిదో వార్డులో పుట్టింది.

అసలు ఫుట్‌బాల్ కోసమే పుట్టిన క్లబ్బులు అప్పట్లో తక్కువ. బిటిసి 1885 నాటిది. అందులో ఫుట్‌బాల్ విభాగం పెట్టింది 1897లో. వ్యాయామశాలలో బార్ల మీద కసరత్తు చేసేవాళ్లే సాయంత్రం బంతి తన్నేవాళ్లు. ఆ కాలం ఎలా ఉండేదో తెలియాలంటే ఆల్ఫ్రేద్ హాయోష్ ఒక్కడిని చూస్తే చాలు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఈతలో రెండు బంగారు పతకాలు గెలిచాడు. 1901, 1902ల్లో బిటిసి తరఫున ఫుట్‌బాల్ ఛాంపియన్ అయ్యాడు. 1902 అక్టోబర్ 12న వియన్నాలో హంగేరీ ఆడిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లోనూ ఉన్నాడు. అందులో ఆస్ట్రియా 5-0తో ఉతికేసిందనుకోండి. తర్వాత ఆర్కిటెక్ట్‌గా స్థిరపడి స్టేడియాలు కట్టాడు. వాటిలో ఒకదాని సంగతి కింద వస్తుంది.

మరి రెండో తరగతిలో ఎలాంటి క్లబ్బులు ఉండేవి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమంటే అప్పటి బుడాపెస్ట్‌ను పేటపేటకూ తిరిగి చూపించడమే. బుడా, ఓబుడా, పెస్ట్ అనే మూడు ఊళ్లు 1873లో కలిసి బుడాపెస్ట్ అయ్యాయి. శతాబ్దం మారేసరికి ఫ్యాక్టరీలు, రైల్వే వర్క్‌షాపులు, ప్రెస్సులు దండిగా వచ్చాయి, పనివాళ్లు పల్లెల నుంచి వచ్చి పడ్డారు. ప్రతి పేటకూ ఒక క్లబ్బు, ప్రతి వృత్తికీ ఒక క్లబ్బు అన్నట్టు తయారైంది.

ఓబుడా వాళ్లది మూడో వార్డు క్లబ్బు. పేరులోనే వార్డు నంబరు ఉంటుంది. 1887 నాటి పాత వ్యాయామ సంఘం అది. బుడా వైపు నుంచి '33 ఎఫ్‌సి' వచ్చింది. అంకెనే పేరుగా పెట్టుకున్న ఈ క్లబ్బు తొలి ఏళ్లలోనే మొదటి తరగతికి చేరి చాలాకాలం నిలిచింది. పోస్టాఫీసు ఉద్యోగులు 1899లో 'పోష్తాష్' పెట్టుకున్నారు. ప్రెస్సుల్లో అక్షరాలు పేర్చే కార్మికుల జట్టు 'టైపోగ్రాఫియా'. బుడాపెస్ట్‌లోని కోబాన్యా పేట రైల్వే వాళ్ల జట్టు 1900లో పుట్టిన 'తోరెక్‌వేష్'. తర్వాత ప్రపంచమంతా తిరిగి కోచ్‌గా పేరు తెచ్చుకున్న బేలా గుట్‌మన్ బంతి ఆట నేర్చుకున్నది ఈ తోరెక్‌వేష్‌లోనే.

మొదట్లో పై తరగతిలో ఉన్న అయిదింటినీ, కింద నుంచి వచ్చిన వీటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనబడుతుంది. పైన ఎక్కువగా విద్యార్థులు, ఆఫీసు ఉద్యోగులు, క్రీడా సంఘాల సభ్యులు. కింద పేటలు, వృత్తులు. ఫెరెన్స్‌వారోష్ ఒక్కటే రెండింటికీ మధ్యలో నిలబడింది. పేట క్లబ్బే, కానీ మొదటి రోజు నుంచీ పై తరగతిలో ఉంది. తర్వాత దానికి అంత జనాదరణ రావడంలో ఈ సంగతి పాత్ర తక్కువేం కాదని నా ఉద్దేశం.

ఇప్పటి పెద్ద క్లబ్బుల్లో ఎవరెవరు కింద నుంచి వచ్చారు?

ఫెరెన్స్‌వారోష్ తప్ప దాదాపు అందరూ.

ఎంటీకే 1888లో పుట్టిన సంఘమే అయినా ఫుట్‌బాల్ విభాగం 1901లో మొదలైంది. అప్పటికే తొలి లీగ్ నడుస్తోంది కాబట్టి ఆ అయిదింటిలో వాళ్లకు చోటు లేదు. 1903లో మొదటి తరగతికి వచ్చారు, 1904లో ఛాంపియన్లు అయిపోయారు. వచ్చిన మరుసటి ఏడాదే టైటిల్! 1914 నుంచి 1925 దాకా, యుద్ధం వల్ల అధికారిక లీగ్ ఆగిన సీజన్లు తీసేస్తే, వరుసగా పదిసార్లు వాళ్లే గెలిచారు.

ఊయ్‌పెస్ట్ కథ ఇంకాస్త మలుపులున్నది. 1885లో వ్యాయామ సంఘంగా మొదలైంది, 1905లో మొదటి తరగతికి చేరింది. 1911లో కిందికి పడిపోయింది. 1911-12 సీజన్ మొత్తం రెండో తరగతిలో ఆడి, ఆ ఒక్క ఏడాదిలోనే తిరిగి వచ్చింది. అప్పటి నుంచి వందేళ్లకు పైగా మళ్లీ పడింది లేదు. ఆ క్లబ్బు అభిమానులు చెప్పుకునే 'వందేళ్లుగా పై డివిజన్' అనే గొప్పకు మొదలు 1912. దానికి ముందున్న ఏడాది గురించి వాళ్లంతట వాళ్లు మాట ఎత్తరు.

కిందకు పడి వచ్చిన ఈ క్లబ్బే 1922 సెప్టెంబర్‌లో సొంత స్టేడియం ప్రారంభించింది. దాని డిజైన్ గీసింది పైన చెప్పిన ఆల్ఫ్రేద్ హాయోష్. 1929లో మధ్య యూరప్ క్లబ్బులు ఆడే మిత్రోపా కప్, 1929-30లో మొదటి లీగ్ టైటిల్ వచ్చాయి. వెనక నుంచి డబ్బు సర్దింది ఊయ్‌పెస్ట్‌లోనే బల్బులు తయారుచేసే టుంగ్‌స్రమ్ కంపెనీ. ఆ కంపెనీ అధినేత లిపోత్ అష్నర్ క్లబ్బుకు అధ్యక్షుడిగానూ ఉన్నాడు.

కిష్‌పెస్ట్, వాషాష్ రెండూ ఒకేసారి పైకి వచ్చాయంటారు, నిజమేనా?

నిజమే. రెండూ 1916లో వచ్చాయి. కిష్‌పెస్ట్ 1909లో, నగరం అంచున చిన్న ఇళ్ల మధ్య పుట్టిన శివారు క్లబ్బు. వాషాష్ ఇనుము, లోహ కార్మికుల యూనియన్ 1911లో పెట్టిన క్లబ్బు. యూనియన్ సభ్యులే ఆటగాళ్లు, వాళ్లే ప్రేక్షకులు.

యుద్ధం మధ్యలో పైకి రావడం అంటే మాటలు కాదు. 1914-15, 1915-16ల్లో అధికారిక లీగ్ జరగలేదు, యుద్ధకాలపు పోటీలే జరిగాయి. ఆటగాళ్లు సరిహద్దులకు పోయారు. 1916-17లో లీగ్ మళ్లీ మొదలైనప్పుడు ఈ రెండు కొత్త పేర్లు పట్టికలో కనిపిస్తాయి.

వాషాష్‌ నుంచి తొలి రోజుల్లోనే పేరున్నవాళ్లు వచ్చారు. జ్యోర్జ్ ఒర్త్ అక్కడ మొదలుపెట్టి ఎంటీకేకి వెళ్లి తన తరంలో మేటి అనిపించుకున్నాడు. గోల్‌కీపర్ ఫెరెన్స్ ప్లాట్కో వాషాష్ నుంచి మొదలై బార్సెలోనా దాకా వెళ్లాడు. పుష్కాష్ తండ్రి కూడా వాషాష్‌లో ఆడి తర్వాత కిష్‌పెస్ట్‌కు వచ్చాడు, అక్కడే కోచ్ కూడా అయ్యాడు. కిష్‌పెస్ట్ గ్రౌండ్ పక్కనే వాళ్ల ఇల్లు. పక్కింటి కుర్రాడు యోజెఫ్ బోజిక్. వెంబ్లీలో ఆడిన పదకొండు మందిలో ఇద్దరు ఆ ఇళ్ల వరసలోంచే వెళ్లారు. 1949 చివర్లో సైన్యం ఆ క్లబ్బును తీసుకుని హోన్‌వేద్ అని పేరు పెట్టింది.

పైకి వెళ్లడం, కిందికి పడటం ఎలా జరిగేది?

పై తరగతి పట్టికలో అడుగున ఉన్నవాళ్లు కిందికి, కింది తరగతి పట్టికలో మొదట ఉన్నవాళ్లు పైకి. సూత్రం ఇంతే, మధ్యలో మెలికలు చాలా. రెండో తరగతిలో జట్లు పెరిగేకొద్దీ గ్రూపులు చేసేవాళ్లు. అప్పుడు గ్రూపు గెలిస్తే చాలదు, గ్రూపు విజేతలు మళ్లీ తలపడాలి. పై తరగతి చివరి జట్టుతో 'అర్హత మ్యాచ్' ఆడాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అంటే ఏడాదంతా గెలిచి, చివరి మ్యాచ్‌లో ఓడి ఉన్నచోటే ఉండిపోవచ్చు. టెన్షన్ ఏ స్థాయిలో ఉంటుందో ఊహించుకోవచ్చు. ఈ పద్ధతి హంగేరీలో తర్వాత కాలంలోనూ రకరకాలుగా తిరిగొచ్చింది, వచ్చిన ప్రతిసారీ తిట్లు తింది.

ఇంకో సంగతి. 1901 నుంచి 1905 దాకా సీజన్ క్యాలెండర్ ఏడాది ప్రకారం నడిచింది. ఆ తర్వాత 1906-07 నుంచి శరదృతువులో మొదలై వసంతంలో ముగిసే పద్ధతికి మారారు.

మ్యాచ్‌లు ఎక్కడ ఆడేవారు? అన్ని క్లబ్బులకూ గ్రౌండ్ ఉండేదా?

ఎక్కడిది! మొదట్లో అందరికీ పెద్ద దిక్కు మిల్లెనారిష్. 1896లో హంగేరీ వెయ్యేళ్ల ఉత్సవాల సందర్భంగా కట్టిన సైకిల్ పందేల మైదానం అది. చుట్టూ ఏటవాలుగా సైకిల్ ట్రాక్, మధ్యలో ఖాళీ స్థలం. ఆ ఖాళీలో ఫుట్‌బాల్. ప్రేక్షకులకూ ఆటగాళ్లకూ మధ్య ట్రాక్ వెడల్పంతా దూరం ఉండేది. 1897 మే 9న బిటిసి వాళ్లు రెండు జట్లుగా విడిపోయి జనం ముందు ఆడిన తొలి మ్యాచ్ జరిగింది అక్కడే. ట్రాక్ ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ సైకిళ్లు తిరుగుతున్నాయి.

పెద్ద క్లబ్బులు ఒక్కొక్కటీ సొంత గ్రౌండ్లు కట్టుకున్నాయి. ఫెరెన్స్‌వారోష్ ఉల్లోయీ రోడ్డు గ్రౌండ్ 1911 ఫిబ్రవరిలో తెరిచింది. ఎంటీకే 1912లో హంగారియా రోడ్డు మీద. కింది తరగతి జట్లు మాత్రం ఎవరి గ్రౌండ్ దొరికితే అక్కడ ఆడేవి. సొంత గ్రౌండ్ ఉన్న క్లబ్బుకు టికెట్ల డబ్బు వస్తుంది, డబ్బుంటే ఆటగాళ్లు నిలబడతారు. ప్రెస్సు కార్మికుల జట్టులాంటివి కొన్నాళ్లు పైన మెరిసి వెనక్కి వెళ్లిపోవడానికి ఇదొక పెద్ద కారణం అనుకుంటాను.

బుడాపెస్ట్ బయట ఊళ్లకు చోటు లేదా?

చాలాకాలం లేదు. 1926 దాకా మొదటి, రెండో తరగతులంటే బుడాపెస్ట్, దాని శివార్ల లీగే. ఇక్కడ శివారు అన్న మాటను కాస్త జాగ్రత్తగా చూడాలి. ఊయ్‌పెస్ట్, కిష్‌పెస్ట్, చెపెల్ అప్పటికి బుడాపెస్ట్‌లో భాగాలు కావు, వేరే ఊళ్లు. 1950 జనవరి 1న గాని వాటిని రాజధానిలో కలపలేదు. లీగ్ మాత్రం అర్ధ శతాబ్దం ముందే వాటిని కలుపుకుంది.

మిగతా దేశానికి 1907 ప్రాంతం నుంచి జిల్లాలవారీగా వేరే పోటీ ఉండేది. అందులో గెలిచినవాళ్లు బుడాపెస్ట్ ఛాంపియన్‌తో ఆడేవాళ్లు. ఫలితం ఎప్పుడూ ఒకటే, బుడాపెస్టే. సెగెద్‌లో ఎంత మంచి జట్టున్నా ప్రతి వారం మేటి జట్లతో ఆడే అవకాశం లేనప్పుడు ఎక్కడ ఎదుగుతుంది?

దీని మీద మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి శాంతి ఒప్పందం, 1920 ట్రియానాన్ ఒప్పందం పడింది. హంగేరీ తన భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. కొలోజ్‌వార్, నాజ్‌వారద్, తెమెష్‌వార్ రుమేనియాకు పోయాయి. పొజోన్, కష్షా చెకోస్లొవాకియాకు, సబద్కా యుగోస్లావియాకు పోయాయి. ఫుట్‌బాల్ బాగా వేళ్లూనిన ఊళ్లన్నీ రాత్రికి రాత్రి పరదేశపు లీగుల్లో పడ్డాయి. తెమెష్‌వార్ నుంచి ఆడిన కినిజుల్ అనే క్లబ్బు 1922 నుంచి 1927 దాకా వరుసగా ఆరుసార్లు రుమేనియా ఛాంపియన్ అయింది. బుడాపెస్ట్ పోగొట్టుకున్నదేమిటో దాన్ని బట్టి అంచనా వేసుకోవచ్చు.

1926లో ఏం మారింది?

డబ్బు బాహాటంగా ఇవ్వడం మొదలైంది. అంతకుముందు అందరూ పేరుకు అమెచ్యూర్లు. నిజానికి మంచి ఆటగాడికి చాటుమాటుగా డబ్బో, పని లేని ఉద్యోగమో దొరికేది. చాలక చాలామంది వియన్నాకో, ఇటలీకో, ఇంకా దూరానికో వెళ్లిపోయారు. చివరికి సమాఖ్య 1926లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టింది, దానిలోనూ రెండు అంచెలు. 1926-27 తొలి ఛాంపియన్ ఫెరెన్స్‌వారోష్.

రెండు పనులు జరిగాయి. ఒకటి, రాజధాని బయట ఊళ్లకు తలుపు తెరుచుకుంది. సొంబత్‌హెయ్ నుంచి సబారియా, సెగెద్ నుంచి బాష్త్యా, దెబ్రెత్సెన్ నుంచి బొచ్‌కాయ్, మిష్కోల్ట్స్ నుంచి ఆటిల్లా. వీటిలో బొచ్‌కాయ్‌ది చెప్పుకోదగ్గ కథ. 1926లో పెట్టిన క్లబ్బు 1930లో హంగేరీ కప్ గెలిచేసింది, ఫైనల్లో బాష్త్యాను 5-1తో ఓడించింది. నాలుగేళ్ల కింద లీగ్ గుమ్మం బయట నిలబడ్డ రెండు ఊళ్లు కప్ ఫైనల్ ఆడాయి.

రెండోది, పాత అమెచ్యూర్ క్లబ్బులు వెనకబడ్డాయి. ప్రొఫెషనల్ జట్టు నడపడానికి కంపెనీ, పెట్టుబడి కావాలి. ఉన్నవాళ్లు కొత్త పేర్లతో ముందుకెళ్లారు. ఎంటీకే జట్టు హంగారియా అయింది, 33 ఎఫ్‌సి నుంచి బుడాయ్ 33 వచ్చింది. లేనివాళ్లు అమెచ్యూర్ పోటీల్లో మిగిలిపోయారు. మొదటి రెండు లీగ్ టైటిళ్లు గెలిచిన బిటిసికి కూడా మళ్లీ పాత వైభవం రాలేదు.

ప్రొఫెషనల్ పద్ధతి 1930ల మధ్యదాకా సాగింది. తర్వాత లీగ్‌ను మళ్లీ సర్దారు. అప్పుడు ఫ్యాక్టరీల, రైల్వేల జట్లు కింద నుంచి గుంపుగా వచ్చాయి: సొంబత్‌హెయ్ రైల్వే వాళ్ల హలదాష్ 1936లో, గ్యోర్ వ్యాగన్ ఫ్యాక్టరీ జట్టు 1937లో, దియోష్‌గ్యోర్ ఉక్కు కార్మికుల జట్టు 1940లో. చెపెల్ ఆయుధ ఫ్యాక్టరీ జట్టయితే 1941-42, 1942-43 టైటిళ్లు వరుసగా గెలిచింది.

బుడాపెస్ట్ బయటి క్లబ్బు ఎప్పుడైనా లీగ్ గెలిచిందా?

శివార్ల క్లబ్బులు తీసేస్తే ఆ కాలంలో ఒక్కటే, నాజ్‌వారద్ ఎసి, 1943-44లో. దీని దారి వింతైనది. 1910లో హంగేరీలో పుట్టింది. 1920 తర్వాత రుమేనియా లీగ్‌లో ఆడింది. 1940లో జర్మనీ, ఇటలీ ఇచ్చిన వియన్నా తీర్పుతో ఉత్తర ట్రాన్సిల్వేనియా మళ్లీ హంగేరీకి వచ్చింది, క్లబ్బు కూడా హంగేరీ పోటీల్లోకి వచ్చి 1941లో పై డివిజన్‌కు చేరింది. 1942-43లో రెండో స్థానం, మరుసటి ఏడాది టైటిల్. రాజధాని, దాని శివార్ల బయట నుంచి లీగ్ గెలిచిన తొలి జట్టు అదే. యుద్ధం తర్వాత ఊరు మళ్లీ రుమేనియాకు పోయింది, 1948-49లో అదే క్లబ్బు రుమేనియా ఛాంపియన్ అయింది. జట్టులో పేరున్న జూలా బోదొలా కూడా రెండు దేశాల జాతీయ జట్లకూ ఆడినవాడే.

మన హైదరాబాద్ ఆటగాళ్లకు హంగేరీతో సంబంధం ఏమైనా ఉందా?

ఒక్క మ్యాచ్ ఉంది, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం నడిపిన భారత జట్టు హంగేరీ చేతిలో 1-2తో ఓడింది. మన గోల్ కొట్టింది సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం. హంగేరీ గోల్స్ యానోష్ గోరోచ్, ఫ్లోరియాన్ ఆల్బర్ట్‌లవి. గోరోచ్‌ది 1911లో కిందికి పడి లేచిన ఊయ్‌పెస్ట్, ఆల్బర్ట్‌ది 1901లో మొదటి తరగతిలో మొదలైన ఫెరెన్స్‌వారోష్. ఆ ఒలింపిక్స్‌లో హంగేరీకి కాంస్యం వచ్చింది. ఓడినా మనవాళ్లు ఆడిన ఆట మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

పాత పట్టికలు చదివేటప్పుడు ఏం గమనించాలి?

ముందు పేర్లు. హంగేరీలో ఇంటిపేరు ముందు రాస్తారు, మనలాగే. పుష్కాష్ ఫెరెన్స్ అని ఉంటే తికమక పడనక్కర్లేదు. క్లబ్బు పేర్లలో మూడు నాలుగు అక్షరాల పొట్టి రూపాలే ఎక్కువ. ఎంఏసి, ఎంఏఎఫ్‌సి రెండూ వేర్వేరు: మొదటిది 1875 నాటి అథ్లెటిక్ క్లబ్బు, రెండోది టెక్నికల్ యూనివర్సిటీది. బిటిసిని, బిఎస్‌సిని (బుడాపెస్ట్ స్పోర్ట్ క్లబ్) కూడా కలిపేయకండి.

ఊళ్లకు రెండేసి పేర్లు ఉంటాయి. నాజ్‌వారద్ ఇప్పటి ఒరాదియా, కొలోజ్‌వార్ ఇప్పటి క్లూజ్, పొజోన్ ఇప్పటి బ్రాటిస్లావా. 1926 దాటితే ఒకే ఊరి జట్టు పేరు మారిపోయి ఉండొచ్చు, కాబట్టి పేరు మాయమైతే క్లబ్బు మూతపడిందని అప్పుడే తేల్చేయవద్దు. 1914 నుంచి 1916 మధ్య పోటీలను చాలా జాబితాలు లెక్కలోకి తీసుకోవు, కొన్ని తీసుకుంటాయి. రెండు జాబితాల్లో టైటిళ్ల లెక్క కలవకపోతే ముందు ఆ రెండేళ్లు చూడండి. రెండో తరగతి పట్టిక అయితే గ్రూపు ఏదో చూసుకుని, ఆ తర్వాత అర్హత మ్యాచ్‌ల ఫలితం వెతకాలి. గ్రూపులో మొదటి స్థానం ఒక్కటే చూసి ఆ జట్టు పైకి వెళ్లిందనుకుంటే పప్పులో కాలేసినట్టే.